వేషం మారింది, పద్దు మారలేదు: కృష్ణా డెల్టాలో స్వతంత్ర పార్టీ

1962 ఎన్నికలలో తెనాలి లోక్‌సభ స్థానంలో ఆచార్య రంగా ఓడిపోయారు. గెలిచినవారు కమ్యూనిస్టు పార్టీకి చెందిన కొల్లా వెంకయ్య. ఓడినవారు సామాన్యులు కారు. నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, తిరిగివచ్చి అదే నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టినవారు. అయిదేళ్ళ క్రితం అదే తెనాలిలో కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచినవారు. ఓడేనాటికి అఖిల భారత స్వతంత్ర పార్టీ అధ్యక్షులు. రైతు పార్టీ అధ్యక్షుణ్ణి రైతుల సీమే ఎందుకు కాదన్నది?

మన వేదికల మీద దీనికి వినిపించిన జవాబు తేలికైనది: అది రాజాల పార్టీ గనుక ఓడింది. అందులో సగమే నిజం. మిగిలిన సగం కోసం కొంచెం వెనక్కి పోవాలి.

ఈ ప్రాంతంలో సంపన్న వర్గాలు కొత్త వేషం కట్టడం 1959లో మొదలు కాలేదు. 1916లో పుట్టిన జస్టిస్ పార్టీ బ్రాహ్మణేతరుల హక్కుల పేరుతో వచ్చింది. ఆ హక్కుల కోరిక న్యాయమైనదే. కాని పగ్గాలు జమీందారుల చేతిలో చిక్కాయి. 1937లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 159 కాంగ్రెసు పరమయినాయి. ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజా తన బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. శిస్తు వసూలు చేసే చేతితో ఓటు అడిగితే ఏమవుతుందో ఆ పార్టీకి అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లో రంగాగారు ఎటు నిలిచారో మనం మరచిపోరాదు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు ఆయన దాని వ్యవస్థాపకులలో ఒకరు. జమీందారీలు రద్దు కావాలని ఊరూరా తిరిగి చెప్పినవారు. చల్లపల్లి, మునగాల ఎస్టేట్లలో రైతులు తిరగబడిన కాలమది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసిందంటే ఆ ఉద్యమాల బలం వల్లనే. ఇలాంటి మనిషి పదకొండేళ్ళ తర్వాత మహారాజులతో ఒకే వేదిక ఎక్కడం ఒక వ్యక్తి ద్రోహంగా చూస్తే చరిత్ర అర్థం కాదు. జమీందారు తొలగిపోయాక భూమి ఎవరి చేతికి వచ్చిందో చూడాలి.

రైతు అనే మాట మన డెల్టాలో చాలా పెద్ద గొడుగు. దాని కింద వంద ఎకరాల మాగాణి ఉన్నవాడూ నిలబడతాడు, రెండెకరాలలో భార్యాబిడ్డలతో నాట్లు వేసుకొనేవాడూ నిలబడతాడు. కౌలుదారు అంచున నిలబడి సగం తడుస్తాడు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరూ, కోతలకు వచ్చే మాల మాదిగ కూలీలూ వానలోనే ఉంటారు. పొలంలో పని చేసేవారంతా ఒకే రైతుకుటుంబమని రంగాగారు నమ్మారు. జమీందారు మీద పోరాడినంత కాలం ఆ నమ్మకం పనిచేసింది. ఎస్టేటు పోయిన మరునాడు కూలి రేటు దగ్గర ఆ కుటుంబం చీలింది. ఆయన గొడుగు మాత్రం మారలేదు.

1951లో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి సంజీవరెడ్డితో పోటీపడి ఓడిన తర్వాత రంగాగారు కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955లో ఆ పార్టీ కాంగ్రెసుతో చేతులు కలిపింది. ఆంధ్ర శాసనసభలోని 196 స్థానాలలో ఆ కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 వచ్చాయి. ఎన్నికల ముందు నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకొంటూ ప్రావ్దా రాసిన సంపాదకీయాన్ని ప్రత్యర్థులు ఇంటింటా పంచారు నిజమే. పత్రికలు విషం కక్కాయి, అదీ నిజమే. కాని రెండెకరాల ఆసామి భయపడినది పత్రికను చూసి మాత్రమేనా? పట్టా పోతుందేమో, చేను సమష్టిలో కలిసిపోతుందేమో అని నిజంగానే బెదిరాడు. ఆ బెదురును తీర్చేమాట మనం చాలినంత స్పష్టంగా చెప్పలేదు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార సేద్యం తీర్మానం చేయగానే ఆ బెదురుకు దేశవ్యాప్తంగా ఒక జెండా దొరికింది. అదే ఏడాది రాజాజీ, రంగా, మినూ మసానీ కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించారు. నక్షత్రం గుర్తు, ఇరవై ఒక్క సూత్రాలు, పర్మిట్ లైసెన్సు కోటా రాజ్యం మీద విమర్శ. చూడడానికి సరికొత్త పార్టీ. మసానీ దానిని పాశ్చాత్య దేశాల తరహాలో నడవగల ఆధునిక పార్టీగా చేయాలని చూశారు. కాని ఓట్ల కోసం రామగఢ్ రాజా, జయపూరు మహారాణి వంటివారి పలుకుబడి మీద ఆధారపడక తప్పలేదు. బొంబాయి వ్యాపారి, రాజపుత్ర సంస్థానాధీశుడు, తెనాలి ఆసామి: ఈ ముగ్గురినీ కలిపినది ఆస్తి ఒక్కటే.

ఆస్తిని కాపాడే పార్టీలు మారి బతికిన చోట్లు లేకపోలేదు. ఇంగ్లండులో పీల్ 1834లోనే ఎన్నికల సంస్కరణను ఒప్పుకొన్నాడు. 1867లో డిజ్రేలీ పట్నపు కార్మికులలో పెద్ద భాగానికి ఓటు ఇచ్చాడు. 1945లో చిత్తుగా ఓడిన టోరీలు లేబరు పార్టీ తెచ్చిన ఆరోగ్య సేవను తిరిగి అధికారంలోకి వచ్చాక రద్దు చేయలేదు. అది దయ కాదు, లెక్క. కొంత వదులుకొని ఎక్కువ నిలుపుకోవడం. మన స్వతంత్ర పార్టీ పద్దులో వదులుకొనే గడి లేదు. కౌలుదారు భద్రత గాని, కూలీ ఇంటిస్థలం గాని దాని సూత్రాలలో ముందువరసకు రాలేదు. 1964లో పదిహేడవ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు అది గొంతెత్తినది ఆస్తిహక్కు కోసమే.

ఇంకొక చిక్కు వచ్చింది. భయం మీద పుట్టిన పార్టీకి ఆ భయమే కరిగిపోయింది. 1961 భూపరిమితి చట్టం భూమి తరగతిని బట్టి 27 నుండి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. సహకార సేద్యం కాగితం దాటలేదు. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది, నాగార్జునసాగరం కట్టడం సాగింది, ఎరువూ అప్పూ కాంగ్రెసు నాయకుల ద్వారానే అందాయి. భూమీ చేతిలో ఉండి, నీళ్ళూ కాలవలో ఉంటే పెద్ద ఆసామికి ప్రతిపక్షం దేనికి?

ఆ పార్టీలోనే వేరే దారి చూపిన మనిషి ఒకరున్నారు. గౌతు లచ్చన్న కల్లుగీతవారి బతుకు కోసం పోరాడారు. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయినది మద్యనిషేధం సమస్య మీదనే. 1967లో స్వతంత్ర పార్టీ 29 మందితో రాష్ట్రంలో పెద్ద ప్రతిపక్షమయింది. కమ్యూనిస్టులు చీలి, రెండు పార్టీలూ కలిపి ఇరవై దగ్గర ఆగిపోయిన ఏడాది అది. రంగాగారు తెనాలి పోయాక చిత్తూరు ఉపఎన్నికలోనూ, 1967లో లచ్చన్న వదిలిన శ్రీకాకుళంలోనూ గెలిచి లోక్‌సభకు వెళ్ళారు. డెల్టా రైతు నాయకుడికి గీతపనివారి జిల్లా ఆశ్రయమిచ్చింది. పార్టీ అందులోని సంకేతాన్ని చదువుకోలేదు. 1971లో లోక్‌సభలో 44 నుండి 8కి పడిపోయింది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగాగారు అప్పటికే కాంగ్రెసుకు తిరిగి వెళ్ళారు.

ఆ పద్దును మార్చినది 1982లో, కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన సినిమా నటుడు. డెల్టా సంపన్న వర్గాలలో పెద్ద భాగం నందమూరి తారక రామారావు వెనక నడిచింది. ఆయన వారి భూమి జోలికి పోలేదు. కాని రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారు, కరణం మునసబులను తీసివేశారు, ఆడపిల్లకు ఆస్తిలో వాటా చట్టం చేశారు. టోరీల లెక్క అది. మన ఓటర్లలో చాలామంది, పాలేరు పిల్లలతో సహా, అటు వెళ్ళినప్పుడు మనం మళ్ళీ అదే తేలిక జవాబు చెప్పుకొన్నాం: సినిమా మోజు అని. విజయవాడలో చౌకబియ్యం కోసం జనం వరుస కట్టిన ఆ రోజుల్లో ఆచార్య రంగా గుంటూరు నుండి కాంగ్రెసు సభ్యులుగా లోక్‌సభలో ఉన్నారు.