పిడకకీ పొలానికీ మధ్య

మా అమ్మమ్మ వాళ్ళ పెరటిగోడ ఎప్పుడూ పిడకలతో నిండి ఉండేది. ఒక్కో పిడక మీద ఆవిడ అయిదు వేళ్ళ గుర్తులు. పాలు కాగేదీ, పప్పు ఉడికేదీ ఆ మంట మీదే. ఊళ్ళోకొచ్చే గ్రామసేవకుడు చూసినప్పుడల్లా "పేడంతా కాల్చేస్తే పొలానికేం మిగులుతుందమ్మా?" అనేవాడట. "మరి అన్నం దేంతో వండమంటావు నాయనా?" అనేదట ఆవిడ.

ఈ వాదన ఆవిడకంటే చాలా పాతది. 1889 డిసెంబరులో జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్త ఇండియాకి వచ్చాడు. ఇక్కడి సేద్యం బాగుపడే దారి చెప్పమని ప్రభుత్వం పంపిన మనిషి. ఏడాదికి పైగా దేశమంతా తిరిగాడు. 1893లో అచ్చయిన ఆయన నివేదిక దొరలకి ఒక పట్టాన మింగుడుపడే రకం కాదు. ఇక్కడి రైతుకి సేద్యం రాదన్న మాట తప్పనీ, కొన్ని విషయాల్లో ఇంగ్లండు రైతుకంటే మిన్న అనీ రాశాడాయన. అతనికి లేనిది తెలివి కాదు, వసతులు. ముఖ్యంగా ఎరువు.

పేడ కాలితే అందులోని నత్రజని పొగలో పోతుంది. మట్టిని గుల్లగా ఉంచి, తడిని పట్టుకునే సేంద్రియ పదార్థమూ పోతుంది. మిగిలేది బూడిద, అందులో పొటాష్, కాస్త భాస్వరం. ఇది తెలియక కాదు, కట్టెలు దొరక్కే జనం పేడ కాలుస్తున్నారని వోల్కర్ తేల్చాడు. ఊళ్ళ దగ్గర వంటచెరుకు కోసం, మేత కోసం ప్రత్యేకంగా అడవులు పెంచండి, పేడ దానంతటదే పొలానికి చేరుతుంది అన్నాడు. అంటే పొలం సారం సంగతి పొలం గట్టు దాటి అడవిలో తేలాలన్నమాట.

ఆ అడవి అప్పటికే చెయ్యిజారుతోంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో కట్టె కొట్టాలన్నా, పశువుని తోలాలన్నా అనుమతులూ రుసుములూ వచ్చాయి. పల్నాడులో ఆ మేతపన్నే పుల్లరి. అది కట్టమన్న కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకి బలయ్యాడు. మనం దాన్ని స్వాతంత్ర్య పోరాటంగానే చదువుకున్నాం. నిజమే. కానీ మేత లేనిదే పశువు లేదు, పశువు లేనిదే పెంటదిబ్బ లేదు. ఆ పోరాటంలో మట్టి కథ కూడా ఉంది.

ఇంకో దారి వెతికినవాడు ఆల్బర్ట్ హోవార్డ్. 1905లో వచ్చి పూసాలో పనిచేసి, 1924లో ఇండోర్‌లో పరిశోధన సంస్థ పెట్టాడు. పేడ తక్కువైతే ఉన్నదాన్నే సాగదీద్దాం అన్నది ఆయన పద్ధతి. పత్తికట్టె, ఆకులూ అలములూ, కలుపు మొక్కలూ, కొట్టంలో మూత్రం ఇంకిన మట్టీ, బూడిదా, కొంచెం పేడా గోతుల్లో వేసి, తడుపుతూ తిరగేస్తే సుమారు మూడు నెలల్లో ఎరువు తయారు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దీన్ని పుస్తకంగా వేశాడు. నేల నుంచి తీసుకున్నది నేలకి తిరిగివ్వాలన్నదే అందులోని సూత్రం. మన పెద్దలకి అది కొత్తేం కాదు. చెరువు పూడికమట్టి తోలుకోవడం, పొలంలో గొర్రెల మంద పెట్టించడం, జనుమూ జీలుగా దున్నెయ్యడం ఆ పనే కదా.

1960ల తర్వాత యూరియా బస్తా వచ్చింది. దిగుబడి పెరిగింది, ఆకలి తగ్గింది, అది కాదనలేం. కానీ బస్తా సులువయ్యాక దిబ్బ మీద శ్రద్ధ పోయింది. ట్రాక్టరొచ్చి ఎద్దులు పోయాయి.

ఇప్పుడు మళ్ళీ సేంద్రియం అంటున్నాం. ఎకరానికి పది కిలోల పేడతో జీవామృతం కలుపుతున్నాం. అదీ ఒకరకంగా సాగదీయడమే. వింతేమిటంటే, ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చింది. పేడ కాల్చాల్సిన అవసరం తీరింది. తీరా చూస్తే చాలా కొట్టాలు ఖాళీ.

రైతుకి సేంద్రియం గురించి పాఠాలు చెప్పేముందు, అమ్మమ్మలాంటి ప్రశ్న ఒకటి మనమూ వినాలి: "మరి పేడ ఎక్కణ్ణుంచి తెమ్మంటావు నాయనా?" మేత బీడుకీ, పశువు ఖర్చుకీ, ఎరువు తోలే కూలికీ జవాబు దొరికినప్పుడే మట్టికీ దొరుకుతుంది.