నలభై నాలుగో వీధిలోని ఆకుపచ్చ బల్లలు

నగరాల చరిత్ర వ్రాసేవారు రాజభవనాలను, ప్రార్థనాలయాలను, గ్రంథాలయాలను, నాటకశాలలను విడువరు. వాటికి శంకుస్థాపన ఫలకాలుంటాయి, ప్రారంభోత్సవాల ఛాయాచిత్రాలుంటాయి, వార్షిక నివేదికలుంటాయి. నగరవాసి తన సాయంకాలాలను గడిపిన చోట్లలో చాలావాటికి ఇవేవీ ఉండవు. న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ చెంత, పశ్చిమ నలభై నాలుగో వీధిలో ఒకప్పుడు ఉండిన ఏమ్స్ బిలియర్డ్ అకాడమీ అటువంటి చోటు. అది నేడు లేదు. అయినా దాని బల్లలను, కిటికీ తెరలను, గోడ పక్కన వరుసగా కూర్చొన్న ప్రేక్షకులను ఆ నగరం మొగమెరుగని లక్షలాది మంది చూశారు. 1961లో వెలువడిన 'ది హస్లర్' అనే చిత్రంలోని ప్రధాన ఘట్టాలను అక్కడే తీశారు.

కథ అందరికీ తెలిసినదే. ఓక్లండ్ నుంచి వచ్చిన ఎడ్డీ అనే యువకుడు, పూల్ ఆటలో ఎదురులేని మిన్నెసోటా ఫ్యాట్స్‌ను ఓడించాలని వస్తాడు. పాల్ న్యూమన్ ఎడ్డీగా, జాకీ గ్లీసన్ ఫ్యాట్స్‌గా నటించారు. హాల్లో అడుగు పెట్టగానే ఎడ్డీకి ఆ నిశ్శబ్దం చర్చిని తలపిస్తుంది. వెంట వచ్చిన భాగస్వామికి మాత్రం అది శవాగారంలా, బల్లలు శవాలను పరుండబెట్టే రాతి పలకల్లా తోస్తాయి. బార్ ఉన్నదా అని అడిగితే, లేదు, ఇక్కడ పూల్ ఒక్కటే అని జవాబు వస్తుంది. ఇరవై నాలుగు గంటలు దాటి సాగే ఆ పందెంలో ఎవరో కిటికీ తెర ఎత్తగా పగటి వెలుతురు పడుతుంది. ఆటగాళ్ళకు అది విసుగు పుట్టిస్తుంది. ఆ ఒక్క క్షణంలో పూల్ హాల్ స్వభావమంతా ఉన్నదని నాకు తోస్తుంది. వేళను బయట వదిలి రావడానికే అక్కడికి వెళ్ళేవారు.

ఈ చిత్రానికి మూలం వాల్టర్ టెవిస్ 1959లో ప్రకటించిన నవల. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో పెరిగిన టెవిస్‌కు పూల్ హాళ్ళ గాలి బాల్యం నుంచే పరిచితం. నవలలో ఆ మహాపందెం జరిగేది న్యూయార్క్‌లో కాదు, షికాగోలో. బెన్నింగ్టన్స్ అనే హాల్లో. అది షికాగోలో నిజంగానే పేరు మోసిన బెన్సింగర్స్‌ను గుర్తు చేసే పేరు. అదీ ఇప్పుడు లేదు. షికాగోలో పుట్టిన నాటక రచయిత డేవిడ్ మామెట్, కనుమరుగైన ఆ పూల్ హాళ్ళను తలచుకొంటూ ఒక వ్యాసమే వ్రాశాడు. దర్శకుడు రాబర్ట్ రాసెన్ న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో పెరిగినవాడు. యౌవనంలో పందేలకు పూల్ ఆడినవాడు. పూల్ హాల్ నేపథ్యంగా ఒక నాటకం కూడా వ్రాసుకొన్నవాడు. కథ ఏమ్స్‌కు మారడంలో నిర్మాణ సౌలభ్యం పాత్ర ఉండవచ్చు. కాని ఆ హాలును చూపిన తీరులో పరిచయస్థుని చూపు ఉన్నది. ఛాయాగ్రాహకుడు యూజెన్ షుఫ్టాన్ నలుపు తెలుపుల వెడల్పు తెరపై ఆ గదిని దీపాలు, నీడలు, పొగ తప్ప మరేమీ లేని లోకంగా మలచాడు. ఛాయాగ్రహణానికి, కళాదర్శకత్వానికి ఆస్కార్ బహుమతులు లభించాయి. ఒక విధంగా ఆ రెండవ బహుమతిలో ఏమ్స్ గోడలకూ వాటా ఉన్నది.

ఆ హాల్లో ఆడిన ఆట గురించి ఒక మాట. నాటి న్యూయార్క్ హాళ్ళలో గౌరవం పొందినది స్ట్రెయిట్ పూల్. పదిహేను బంతులు, తెల్లబంతి ఒకటి. ఏ బంతిని ఏ జేబులో వేస్తాడో ఆటగాడు ముందే చెప్పాలి. చెప్పినట్టు వేస్తే ఒక పాయింటు. పద్నాలుగు బంతులు పడగానే వాటిని తిరిగి త్రికోణంగా పేర్చుతారు. పదిహేనవది ఉన్నచోటనే ఉంటుంది. ఆటగాడు దానిని వేస్తూనే కొత్త గుంపును చెదరగొట్టాలి. తప్పు చేసేదాకా అతనిదే ఆట. ఎదుటివాడు కుర్చీలో కూర్చొని చూస్తూ ఉండవలసిందే. గంటలకు గంటలు మౌనంగా చూడగల ప్రేక్షకులుంటేనే ఇటువంటి ఆట బ్రతుకుతుంది. ఫిలడెల్ఫియాకు చెందిన విల్లీ మాస్కోనీ 1954లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తప్పు లేకుండా వరుసగా 526 బంతులు వేశాడు. ఆ సంఖ్యను 2019 దాకా ఎవరూ దాటలేదు. 'ది హస్లర్'కు సాంకేతిక సలహాదారు ఆయనే. తెరపై న్యూమన్ కొట్టినట్టు కనిపించే కష్టమైన దెబ్బలు కొన్ని ఆయన చేతివి. పందెపు సొమ్ము పట్టుకొని నిలబడే మనిషిగా ఆయన చిత్రంలో స్వయంగా కనిపిస్తాడు కూడా.

'పూల్' అనే మాటకు మొదట ఈ బల్లతో సంబంధం లేదు. నలుగురూ కలిపి వేసుకొనే పందెపు మొత్తానికి ఆ పేరు. పందొమ్మిదవ శతాబ్దిలో పూల్ రూమ్ అంటే గుర్రప్పందేలు కాసే గది. ఒక పందేనికీ మరొక పందేనికీ నడుమ పొద్దుపోక కోసం అక్కడ బిలియర్డ్ బల్లలు వేశారు. పందేలు పోయాయి, బల్లలు మిగిలాయి, పేరు మాత్రం బల్లలకు అంటుకొన్నది; దానితోపాటు చెడ్డపేరు కూడా. యజమానులు దానిని కడుక్కోవాలని తమ హాళ్ళకు పార్లర్ అని, అకాడమీ అని పేర్లు పెట్టుకొన్నారు. ఏమ్స్ అకాడమీ కావడం వెనుక ఉన్నది ఈ సంకోచమే. 1957లో బ్రాడ్వేలో ప్రదర్శితమైన 'ది మ్యూజిక్ మ్యాన్' సంగీత నాటకంలో ఒక మాయగాడు ఊరివారిని భయపెట్టడానికి ఎంచుకొన్న సాధనం ఏమిటి? మీ ఊరికి పూల్ బల్ల వచ్చింది, ఇక మీ పిల్లలు చెడిపోతారు అనడమే. అంతకుమించి వివరణ ఇవ్వనక్కరలేకపోయింది.

ఆ అపకీర్తి అంతా అబద్ధమనడం న్యాయం కాదు. హస్లర్ అంటే తన నేర్పును దాచుకొని, కావాలని రెండాటలు ఓడి, పందెం పెరిగాక అసలు చెయ్యి చూపేవాడు. విరాటుని కొలువులో కంకుభట్టు పాచికలాడిన సంగతి మనకు తెలుసు. ఆయన దాచినది తన పేరును. ఈ నలభై నాలుగో వీధి కంకుభట్టులు పేరు దాచరు, విద్యను దాచుతారు.

అక్కడికి వచ్చేవారెవరన్న ప్రశ్నకు చక్కని సమాధానం చెప్పినవాడు నెడ్ పోల్‌స్కీ. ఆయన సామాజిక శాస్త్రజ్ఞుడు, స్వయంగా పూల్ ఆటగాడు. హస్లర్లతో ఆడుతూ, వారితో తిరుగుతూ చేసిన పరిశీలన 1967లో 'హస్లర్స్, బీట్స్ అండ్ అదర్స్' అనే గ్రంథంగా వచ్చింది. 1920లలో వేల సంఖ్యలో ఉన్న న్యూయార్క్ పూల్ హాళ్ళు 1960ల నాటికి వందల్లోకి పడిపోయాయి. చెడ్డపేరు వల్ల అన్నారు కొందరు. అలంకరణ పాతబడినందువల్ల అన్నారు వ్యాపారులు. రెండూ కావన్నాడు పోల్‌స్కీ. చెడ్డపేరు బాగా ఉన్న రోజుల్లోనే హాళ్ళు కిటకిటలాడాయి. అసలు కారణం, వాటిని పోషించిన బ్రహ్మచారుల లోకం అంతరించడం. పెళ్ళి ఆలస్యంగా చేసుకొనేవారు, అసలు చేసుకోనివారు, అద్దెగదుల్లో బ్రతికే కార్మికులు, వలస వచ్చినవారు ఒకప్పుడు మహానగరాల్లో పెద్ద సంఖ్యలో ఉండేవారు. గదిలో మంచం తప్ప మరేమీ లేని మనిషికి పూల్ హాల్ చావడి, కచేరి, స్నేహితుల ఇల్లు అన్నీ తానే. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక సైనికులకు 1944 నాటి చట్టం క్రింద గృహ ఋణాలు, చదువులు లభించాయి. చిన్న వయస్సులోనే పెళ్ళిళ్ళు, శివారుల్లో ఇళ్ళు, ఆ ఇళ్ళలో టెలివిజన్ వచ్చాయి. సాయంకాలం ఏడు గంటలకు వెళ్ళడానికి మనిషికి ఇల్లు ఒకటి ఏర్పడింది. ఇది దుఃఖించవలసిన విషయం కాదు. పూల్ హాళ్ళను ప్రేమించినవారు ఇక్కడ తడబడక తప్పదు.

వారి జ్ఞాపకాల్లో చోటు దొరకనివారూ ఉన్నారు. స్త్రీలకు ఆ గడప దాటడం ఆచారవిరుద్ధం. అయినా బ్రూక్లిన్‌కు చెందిన జీన్ బలూకస్ 1972 నుంచి ఏడేళ్ళు వరుసగా అమెరికా ఓపెన్ మహిళా విజేత అయింది. అదే బ్రూక్లిన్‌కు చెందిన నల్లజాతి ఆటగాడు సిసిరో మర్ఫీకి ప్రతిభ ఉండి కూడా చాలాకాలం పెద్ద పోటీలకు పిలుపు రాలేదు. 1965లో తొలిసారి ప్రవేశం దొరికిన ప్రపంచ ఆహ్వాన పోటీలోనే ఆయన గెలిచాడు. పూల్ హాల్లో అందరూ సమానమే అనే మాటను ఈ రెండు పేర్లను గుర్తుంచుకొని వినాలి.

మన దేశంలో ఈ ఆట చరిత్ర మరో దారిన నడిచింది. స్నూకర్ పుట్టినదే ఇక్కడ. 1875లో జబల్పూరులోని సైనికాధికారుల మెస్సులో నెవిల్ చేంబర్లేన్ అనే యువ అధికారి దానికి ఆ పేరు పెట్టాడు. ఊటీ క్లబ్బులో నియమాలు కుదిరాయి. బల్ల కంటోన్మెంటు నుంచి క్లబ్బుకు, క్లబ్బు నుంచి సంస్థానాధీశుల భవనాలకు వెళ్ళింది. హైదరాబాదులో ఫలక్‌నుమా చూసినవారు అక్కడి బిలియర్డ్స్ గదిని చూసే ఉంటారు. వీధిలో నడిచే మనిషి చిల్లర చెల్లించి గంటసేపు ఆడుకొనే హాలు మన నగరాల్లో అంత విస్తారంగా ఏర్పడలేదు. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయిన విల్సన్ జోన్స్, ఏ క్రీడలోనైనా ప్రపంచ విజేత అయిన తొలి భారతీయుడు. అటువంటి ఆటగాని పేరు మన వీధుల్లో క్రికెటర్ల పేర్లవలె మారుమ్రోగకపోవడానికి ఒక కారణం ఈ క్లబ్బు గోడే అని నా అభిప్రాయం. అమెరికాలో నిందను మోసిన ఆట ఇక్కడ హోదాను మోసింది. జనానికి దగ్గరైనది మాత్రం నింద మోసినచోటనే.

మళ్ళీ నలభై నాలుగో వీధికి వద్దాం. చిత్రం విజయవంతం కాగానే దేశమంతటా కొత్త పూల్ హాళ్ళు వెలిశాయి. రుడాల్ఫ్ వాండరోన్ అనే లావుపాటి హస్లర్, మిన్నెసోటా ఫ్యాట్స్ తానేనని చెప్పుకొని జీవితాంతం ఆ పేరుతోనే చలామణి అయ్యాడు. పాత్ర తన కల్పితమని టెవిస్ ఎంత మొత్తుకొన్నా వినినవారు లేరు. కల్పిత పురుషుడు ఈ విధంగా దేహం ధరిస్తున్న కాలంలోనే వాస్తవమైన హాళ్ళు కరిగిపోసాగాయి. కొత్త ఉత్సాహం ఆ దశాబ్దం దాటలేదు. 1963లో న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ కూల్చివేత మొదలైనప్పుడు నగరం గగ్గోలెత్తింది. 1965లో చారిత్రక కట్టడాల రక్షణకు నగర చట్టం వచ్చింది. ఆ చట్టం భవనాన్ని కాపాడుతుంది. గది అద్దెకు తీసుకొని పన్నెండో, ఇరవయ్యో బల్లలు వేసుకొన్న వ్యాపారాన్ని అది కాపాడలేదు. ఏ చట్టమూ కాపాడలేదేమో. ఏమ్స్‌కు వాస్తుశిల్పి ఎవరూ లేరు. అక్కడ విలువైనదల్లా వేళ, మౌనం, కొందరు మనుషులు.

1986లో 'ది కలర్ ఆఫ్ మనీ' చిత్రంలో న్యూమన్ అదే ఎడ్డీగా, వయస్సు మీరిన మనిషిగా తిరిగి వచ్చి ఆస్కార్ అందుకొన్నాడు. పూల్‌కు మరో వసంతం వచ్చింది. ఈసారి వెలిసిన హాళ్ళలో బార్ ఉన్నది, సంగీతం ఉన్నది, జంటలుగా వచ్చే యువతీ యువకులున్నారు. టెలివిజన్‌కు అనువైన తొమ్మిది బంతుల ఆట స్ట్రెయిట్ పూల్‌ను వెనక్కు నెట్టింది. వీటిని తక్కువ చేసి మాట్లాడడం పాతకాలపువారి అలవాటు; స్త్రీలు నిర్భయంగా అడుగుపెట్టగలిగిన హాలు మెరుగైన హాలే. కాని ఎడ్డీ విన్న ఆ నిశ్శబ్దం వాటిలో లేదు.

బల్లలు మాత్రం పూర్తిగా నశించలేదు. వాటి గుడ్డ క్రింద ఉండేది పలకరాయి, అది చెడదు. మూతపడిన హాళ్ళ బల్లలను విప్పి, రాళ్ళను ఒక్కొక్కటిగా మోసుకుపోయి, చెక్కకు మెరుగు పెట్టి, కొత్త ఆకుపచ్చ గుడ్డ బిగించి అమ్మేవారు అమెరికాలో ఉన్నారు. పాత బ్రన్స్‌విక్ బల్లలకు మంచి ధర పలుకుతుంది. కొనేవారిలో చాలామంది శివారు గృహస్థులు. వాటిని ఇంటి నేలమాళిగలో వేసుకొంటారు.