యాస్మిన్, యాజ్ మాత్రల వివాదం

బేయర్ కంపెనీ అమ్మిన ఈ గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్‌తో పాటు డ్రోస్పిరినోన్ అనే కృత్రిమ హార్మోన్ ఉంటుంది. అమెరికాలో యాస్మిన్‌కు 2001లో, యాజ్‌కు 2006లో అనుమతి లభించింది. ఈస్ట్రోజెన్ ప్రభావంతో కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. కాలి సిరలో ఏర్పడిన గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు. ఒక్క పిక్కే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఏటా 10,000 మందిలో మాత్రలు వాడేవారిలో 3 నుంచి 9 మందికి, వాడనివారిలో 1 నుంచి 5 మందికి గడ్డలు ఏర్పడతాయని అంచనా. బాలింతలకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

కొన్ని ఇతర గర్భనిరోధక మాత్రలతో పోలిస్తే డ్రోస్పిరినోన్ మాత్రలతో ముప్పు మూడు రెట్ల వరకు పెరగవచ్చని కొన్ని అధ్యయనాలు తేల్చిన సంగతిని 2012లో లేబుల్‌పై చేర్చారు. ఇది ఆలస్యంగా వచ్చిన హెచ్చరికే. అప్పటికే వేలమంది మహిళలు దావాలు వేశారు. బేయర్ తప్పు ఒప్పుకోకుండానే వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించి రాజీ చేసుకుంది.