రోజుకో భారతం కథ

1999 జూన్ 19న మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ కొండల్లోంచి హైదరాబాదులో ఉన్న నాన్నగారికి ఒక ఉత్తరం రాశారు. ఆ నాన్నగారు కూడా సైన్యం మనిషే, వాయుసేనలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరయ్యారు. ఉత్తరంలో యుద్ధం సంగతులు కొంచెమే ఉన్నాయి. ప్రాణనష్టం గురించి బెంగ పెట్టుకోవద్దని, ఈ ఉద్యోగంలో అది మన చేతిలో ఉండదని రాశారు. అమ్మకి చెప్పమని ఒకటి రెండు మాటలు. ఆ తర్వాత భార్య గురించి. ఆవిడ అప్పుడు కడుపుతో ఉంది. కోడలికి రోజుకో భారతం కథ చెప్పండి, పుట్టబోయే బిడ్డకి మంచి బుద్ధులు అబ్బుతాయి అని అడిగారు.

కార్గిల్ గురించి ఎన్ని చదివినా నాకు గుర్తుండిపోయింది ఈ ఒక్క ముక్కే. పైనుంచి గుళ్ళు కురుస్తున్న చోట కూర్చుని, ఇంట్లో రోజూ జరగాల్సిన పని ఒకటి పురమాయించాడాయన. వాళ్ళది ఒడియా కుటుంబమే అయినా ఆయన చదువుకున్నది ఉస్మానియాలో. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అనే మాట ఆయన చెవిన కూడా పడే ఉంటుందనుకుంటాను. కడుపుతో ఉన్నప్పుడు మంచి కథలు వినమని మనకీ అత్తలూ అమ్మమ్మలూ చెబుతూనే ఉంటారు కదా. ప్రహ్లాదుడు విన్నాడు, అభిమన్యుడు విన్నాడు అంటారు. కానీ భారతం చెప్పుకుంటూ పోతే అభిమన్యుడి దగ్గరికి రాక తప్పదు. పద్మవ్యూహంలోకి వెళ్ళడమే తెలిసి, బయటికి రావడం తెలియని పిల్లాడు. కొడుకు యుద్ధంలో ఉండగా ఏ తండ్రికి ఆ కథ చెప్పడానికి నోరొస్తుంది?

ఆయన ఉన్న పటాలం రెండో రాజ్‌పుతానా రైఫిల్స్. అప్పటికే ద్రాస్ పైన ఉన్న టోలోలింగ్ శిఖరాన్ని వాళ్ళు తిరిగి పట్టుకున్నారు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు ఆ కొండ కింద కనిపిస్తుంది, అందుకే దాని కోసం అంత పోరు. తర్వాతి వంతు నోల్, లోన్ హిల్ అనే గుట్టలది. జూన్ 21న ఆచార్యకి ముప్ఫై ఏళ్ళు నిండాయి. 28వ తేదీ రాత్రి దాడి మొదలైంది. నిండు పున్నమి. వెన్నెల్లో ఎక్కేవాళ్ళు పైనున్నవాళ్ళకి స్పష్టంగా కనిపిస్తారు. ఒంటి నిండా గాయాలతో కదల్లేని స్థితిలో కూడా, నన్ను వదిలేసి ముందుకు వెళ్ళండని తన మనుషులతో అన్నారట. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు.

అదే రాత్రి, అదే పటాలంలో కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా పోయాడు. ఇరవై రెండేళ్ళు. సైన్యంలో చేరి ఆరు నెలలు దాటిందంతే. మన దేశంలో తయారైన విజయంత ట్యాంకు పేరే ఆ పిల్లాడికి పెట్టారు, వాళ్ళ నాన్నగారు కూడా కల్నల్. దాడికి ముందు ఇతనూ ఇంటికి ఉత్తరం రాసి పెట్టాడు. అది అందేసరికి తాను ఉండనని తెలిసి రాసిన ఉత్తరమది. మళ్ళీ మనిషిగా పుడితే మళ్ళీ సైన్యంలోనే చేరతానన్నాడు. వీలైతే వచ్చి మేం పోరాడిన చోటు చూడండి అన్నాడు. అవయవాలు పనికొస్తే ఇచ్చేయమన్నాడు. అనాథాశ్రమానికి కొంత డబ్బు ఇవ్వమన్నాడు. కుప్వారాలో ఉండగా మాట పడిపోయిన ఒక చిన్నపిల్ల అతనికి మాలిమి అయింది, ఆ పిల్లకి నెలనెలా యాభై రూపాయలు ఇస్తూ ఉండమన్నాడు. వీర చక్ర వచ్చిందని అందరూ రాస్తారు. ఆ యాభై రూపాయలే నన్ను ఎక్కువ ఏడిపించాయి. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి అప్పటికే తన మీద ఆధారపడిన మనిషి ఒకరున్నారు!

అంతకు ముందు యుద్ధాల్లో చాలామందికి సరిహద్దు దగ్గరే దహనం జరిగేది. ఇంటికి ఒక టెలిగ్రామూ, పెట్టెలో కొన్ని సామాన్లూ వచ్చేవి. కార్గిల్‌లో మొదటిసారి శవపేటికలు ఊళ్ళకీ, వీధుల్లోకీ వచ్చాయి. టీవీలో చూసినవాళ్ళకి అదొక దృశ్యం. ఆ పేటిక ముందు కూర్చున్న ఆడవాళ్ళకి మర్నాటి నుంచి ఎన్ని పనులో. పింఛను కాగితాలు, బ్యాంకు, పరామర్శకి వచ్చినవాళ్ళకి కాఫీలు, మధ్యలో నెలలు నిండుతున్న కడుపు. ఆ యుద్ధంలో పోయిన మన సైనికులు 527 మంది. అంటే ఇలాంటి ఇళ్ళు 527.

యుద్ధం జులై 26న ముగిసింది. ఆచార్య గారికి ఆ తర్వాత పాప పుట్టింది. నాన్నని ఎప్పుడూ చూడని ఆ పాప పెద్దయి, ఆయన మీద పుస్తకం రాసింది.

విజయంత్ వాళ్ళ నాన్నగారు కొడుకు చూడమన్న చోటుకి ఏటా ద్రాస్ వెళ్తూ వచ్చారు. డెబ్బై దాటిన వయసులో కూడా, ఊపిరి అందని ఎత్తులో ఆ గుట్ట ఎక్కారు. యాభై రూపాయల పిల్లని కూడా ఆ కుటుంబం వెతికి కలుసుకుంది.