పంచాంగంలో లేని గుంపు

కర్నూలు ప్రాంతం వాళ్ళకు మంత్రాలయం ఎప్పుడు వెళ్ళాలో తెలియకపోయినా, ఎప్పుడు వెళ్తే రద్దీలో ఇరుక్కుంటారో బాగా తెలుసు. గురువారం జనం ఉంటారు, ఆరాధన రోజుల్లో ఇసక వేస్తే రాలదు, వెళ్తే సిద్ధపడి వెళ్ళండి అంటారు. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరి గొంతులోనూ ఫిర్యాదు ఉండదు. అదే మనిషి ఏ మంగళవారమో ప్రశాంతంగా ఉంటుందని బయల్దేరి, ఏదో పారాయణ బృందం వచ్చిందని, ఊళ్ళో గదులన్నీ వాళ్ళ పేరిటే రాసి ఉన్నాయని, ప్రాకారంలో ఎటు చూసినా ఒకే రంగు కండువాలున్నాయని తెలిస్తే మాత్రం నొచ్చుకుంటాడు. ఆరాధన జనం ముందు ఈ బృందం ఏపాటిది? అయినా ఆరాధననాడు గంటల తరబడి క్యూలో ఓర్చుకున్నవాడికి ఈ మంగళవారం ఎందుకు కష్టం తోస్తుంది? భక్తి తగ్గిందనో, ఓపిక నశించిందనో సరిపెట్టుకోవచ్చు. కానీ రాయలసీమ యాత్రాస్థలాల చరిత్ర చూస్తే ఇంతకన్నా నికరమైన జవాబు దొరుకుతుంది. పెద్ద గుంపులతో చోటు పంచుకోవడం ఇక్కడి యాత్రికుడికి ఏనాడూ కొత్త కాదు. గుంపు వచ్చే రోజు అందరికీ ముందే తెలిసే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. ఇవాళ చాలా గుంపుల విషయంలో అది లేదు. అసలు కష్టం అక్కడే ఉందని నా వాదన.

రాఘవేంద్రస్వామి 1671లో శ్రావణ బహుళ విదియనాడు తుంగభద్ర ఒడ్డున బృందావన ప్రవేశం చేశారు. అప్పటికి ఊరి పేరు మంచాల. ఆదోనిని ఏలుతున్న సిద్ది మసూద్ ఖాన్ ఈ ఊరిని స్వామికి ఇచ్చాడని మఠ సంప్రదాయం చెబుతుంది. గ్రామదేవత మంచాలమ్మకు ముందు దండం పెట్టుకుని, ఆ తర్వాతే బృందావన దర్శనానికి వెళ్ళడం ఇక్కడి ఆచారం. తర్వాత వచ్చిన స్వామి, ముందునుంచీ ఉన్న అమ్మవారికి తొలి మర్యాద ఇచ్చిన ఊరన్నమాట. ఎవరి వంతు ముందో తేల్చుకోవడంతోనే ఇక్కడి యాత్ర మొదలవుతుంది. రోజుల విషయంలోనూ అంతే నిక్కచ్చి. ఆ విదియ చుట్టూ జరిగే ఆరాధనకు పూర్వారాధన, మధ్యారాధన, ఉత్తరారాధన అని మూడు ప్రధాన దినాలు, చివరినాడు మహారథోత్సవం. ఫాల్గుణంలో స్వామి పట్టాభిషేక దినం, జన్మదినం. వారంలో గురువారం. పన్నెండేళ్ళకోసారి బృహస్పతి మకరంలో ప్రవేశించినప్పుడు తుంగభద్ర పుష్కరం. వీటిలో ఏదీ ఎవరో ఆఫీసులో కూర్చుని వేసిన తేదీ కాదు. ఏ పల్లెలోనైనా పంచాంగం చూడగల పురోహితుడు ఒక్కడుంటే చాలు, ఏ రోజు జనం విరగబడతారో ఊరంతటికీ తెలిసిపోతుంది. అంగళ్ళవాడు సరుకు తెచ్చి పెట్టుకుంటాడు, బండివాడు ఎడ్లను సిద్ధం చేసుకుంటాడు, రద్దీ వద్దనుకున్నవాడు ఇంకో పక్షం చూసుకుంటాడు. ఆ చివరివాడు ఈ కథలో ముఖ్యుడు. జబ్బు నయం కావాలనో, సంతానం కావాలనో మొక్కుకుని, రోజుల తరబడి ఊళ్ళోనే ఉండి, నదిలో మునిగి తడిబట్టలతో బృందావనం చుట్టూ ప్రదక్షిణలు చేసే ‘సేవ’ మంత్రాలయంలో పాత అలవాటు. అలాంటివాళ్ళకు కావలసింది ఖాళీ రోజులు. పంచాంగం గుంపుకు తేదీ ఇచ్చినంత పద్ధతిగా, వీళ్ళకు ఖాళీనీ ఇచ్చింది.

రైలుకు ముందు కాలంలో పెద్ద జట్టంటే ఎలా ఉండేదో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’లో కనిపిస్తుంది. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఈయన 1830 మే నెలలో దాదాపు వందమందితో బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీకి వెళ్ళి, మరుసటి సంవత్సరం సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఇంటివాళ్ళు, పరిజనం, మేనాలు మోసే బోయీలు అందరూ కలిస్తే నడిచే ఊరే. అందుకే మజిలీ మజిలీకీ ఆయన కన్ను ముందు వాటి మీదే పడుతుంది: దిగడానికి చోటుందా, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, కావలసిన పదార్థాలు దొరుకుతాయా. రెండు అంగళ్ళున్న పల్లెలో వందమంది ఒక్క పూట దిగితే బియ్యం, కట్టెలు ఏమవుతాయో ఊహించడం కష్టం కాదు. అదే రాత్రి అక్కడికి చేరిన విడి బాటసారి ఇబ్బంది పడే ఉంటాడు. కానీ ఆ బాటసారికే అడవిదారిలో పెద్ద జట్టు అండ. నల్లమల కనుమల్లో దొంగల భయం, మృగభయం ఉన్న రోజుల్లో ఒంటిగా పోవడానికి జంకినవాళ్ళు ఏదో ఒక జట్టు వెనకాల నడిచేవాళ్ళు. ఊళ్ళో పోటీదారు, దారిలో కాపలాదారు: గుంపుకు ఈ రెండు ముఖాలూ ఉన్నందువల్లే పాతకాలపు యాత్రికుడు దాన్ని ఒట్టి బెడదగా చూడలేదు.

నది దగ్గర ఇంకో సంగతి ఉంది. మంత్రాలయం దగ్గర తుంగభద్ర చాలాకాలం రాజ్యాల మధ్య ఎల్ల. దక్షిణపు ఒడ్డు మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లా, ఉత్తరపు ఒడ్డు నిజాం రాయచూరు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డ 1953లో బళ్ళారి మైసూరుకు పోయి, ఆదోని తాలూకా ఆంధ్రకు వచ్చింది కాబట్టే మంత్రాలయం ఇవాళ మన లెక్కలో ఉంది. అవతలి ఒడ్డున పంచముఖి ఆంజనేయుణ్ణి చూడాలన్నా, అటు రాయచూరు సీమ భక్తులు ఇటు రావాలన్నా వంతెనలు లేని రోజుల్లో పుట్టే గతి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, కింద తోలు బిగించిన ఆ పుట్టిలో ఒక్క దఫాకు పట్టేది కొద్దిమందే. ఎంత పెద్ద మండలి అయినా రేవు దగ్గర విడిపోయి, దఫాలుగా దాటాల్సిందే. మధ్యలో వచ్చిన విడి మనిషికి ఏదో ఒక పుట్టిలో మూల దొరికేది. వాహనం చిన్నదైతే ఎవరూ దాన్ని పూర్తిగా ఆక్రమించలేరు. రైలు ఈ లెక్కను మార్చింది. మద్రాసు నుంచి, బొంబాయి నుంచి వేసుకొచ్చిన దారులు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. స్వామి బృందావన ప్రవేశానికి అప్పటికి సరిగ్గా రెండువందల ఏళ్ళు. తుంగభద్ర ఊళ్ళో ఉన్న స్టేషనే ఇవాళ్టి మంత్రాలయం రోడ్. అక్కణ్ణుంచి మఠం సుమారు 15 కిలోమీటర్లు. ఒక ఊరి జనమంతా ఒకే బండిలో, ఒకే పూటకు దిగడం అప్పుడే సాధ్యమైంది.

ముందే తెలిసిన గుంపు ఎంత పెద్దదైనా ఎలా ఇముడుతుందో శ్రీశైలం చూపిస్తుంది. అక్కడ మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు తెలుగువాళ్ళ తాకిడి ఎక్కువ. ఉగాది కన్నడిగులది. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర, పసుపుకుంకుమలు తీసుకుని ఉత్తర కర్ణాటక నుంచి జట్లు జట్లుగా వస్తారు. ఎంతోమంది నల్లమలలో కాలినడకనే ఎక్కుతారు. ఉగాది ముందు రాత్రి వీరాచార విన్యాసాలు, అగ్నిగుండం వాళ్ళ ముచ్చట. ఆ రోజుల్లో దేవస్థానం ఆర్జిత సేవలు ఆపేస్తుంది, దర్శనం తీరు మారుస్తుంది, దారి పొడుగునా నీళ్ళు, అన్నం పెట్టేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. ఉగాదికి శ్రీశైలంలో కన్నడ జనం ఉన్నారని ఏ తెలుగు యాత్రికుడూ వాపోడు. అది వాళ్ళ పండుగ అని ఒప్పుకుంటాడు, వెళ్తే వాళ్ళతో కలిసి నడుస్తాడు. మంత్రాలయం పక్కనే ఉరుకుంద ఈరన్నకు శ్రావణమంతా ఉత్సవాలే. ఆరాధనా అదే నెల. రెండు జనాలూ అవే రైళ్ళు, అవే రోడ్లు పంచుకుంటాయి. ఇబ్బంది లేదని కాదు. అది ఏ నెల ఇబ్బందో తెలుసు కనక బస్సులు పెంచడానికీ, ప్రయాణం వాయిదా వేసుకోవడానికీ వీలుంటుంది.

పంచాంగంతో నిమిత్తం లేని గుంపుకు తొలి ఆనవాళ్ళు మన దగ్గర కాదు, ఇంగ్లండులో కనిపిస్తాయి. 1841 జులై 5న థామస్ కుక్ మద్యపాన వ్యతిరేక సభకు వెళ్ళే సుమారు 500 మందిని తలకు ఒక షిల్లింగు చొప్పున లెస్టర్ నుంచి లఫ్‌బరోకు ప్రత్యేక రైల్లో తీసుకెళ్ళాడు. ఒకే ఉద్దేశంతో కలిసిన జనం, తమకు అనువైన తేదీ, తమకంటూ ఒక బండి. అందులో ఇతరులకు నష్టం లేదు, ఎందుకంటే బండి మొత్తం వాళ్ళదే. మన రైల్వేలో పూర్తి చార్జీ కట్టి పెళ్ళివాళ్ళో, యాత్రికులో బోగీ మాట్లాడుకోవడమూ ఇదే న్యాయం: బోగీ వాళ్ళది, తక్కిన బండి జనానిది. చిక్కు వచ్చేది సగం సగం వ్యవహారంలో. విలాస నౌకల సంగతే చూడండి. 2022లో విశాఖ నుంచి కోర్డీలియా ఓడ బయల్దేరాక ఈ సరదా మనవాళ్ళకూ పరిచయమైంది. ఓడంతా ఒకే బృందం మాట్లాడుకుంటే గొడవ లేదు. మూడో వంతు గదులు ఒక కంపెనీ వాళ్ళో, ఒక సంగీత అభిమాన బృందమో తీసుకుని, భోజనశాలను ఒక పూట, నాటకశాలను ఇంకో పూట తమకే కేటాయించుకుంటే, విడిగా టికెట్ కొన్నవాడికి ఆ సంగతి ఓడ కదిలాక గానీ తెలియదు. అతను కొన్నది పూర్తి ఓడ ప్రయాణం, దొరికింది మిగిలిన ఓడ.

మంత్రాలయం గత అరవై ఏళ్ళలో ఈ సగం సగం ఓడలా మారింది. 1966లో రాజ్‌కుమార్ నటించిన కన్నడ ‘మంత్రాలయ మహాత్మె’, 1985లో రజనీకాంత్ నూరో చిత్రంగా వచ్చిన తమిళ ‘శ్రీ రాఘవేంద్రర్’ స్వామి పేరును మఠ సంప్రదాయానికి బయటి ఇళ్ళకూ చేర్చాయి. రోడ్లు బాగుపడ్డాయి, టూరిస్టు బస్సులు వచ్చాయి. భజన మండళ్ళు, పారాయణ సంఘాలు, ఉద్యోగ విరమణ చేసినవాళ్ళ జట్లు తమ సభ్యుల సెలవులను బట్టి తేదీలు పెట్టుకుంటాయి. విదియ, సప్తమి స్థానంలో శని, ఆదివారాలు, వేసవి సెలవులు వచ్చాయి. వాళ్ళ భక్తిలో లోపం లేదు, క్రమశిక్షణలో మనకన్నా మెరుగే. కానీ వాళ్ళ తేదీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, ఊరి పంచాంగంలో ఉండదు. అందుకే మంగళవారంనాడు వచ్చిన విడి యాత్రికుడు పూర్వం ఎరగని పరిస్థితిలో పడ్డాడు: తాను తెలిసి తప్పించుకోగల రద్దీ పోయి, తప్పించుకునే దారే లేని రద్దీ వచ్చింది.

పాతకాలాన్ని మరీ మెచ్చుకుంటున్నావు, అప్పటి ఏర్పాటులో అందరికీ చోటుందా అని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్నకు తలవంచాల్సిందే. సీమ యాత్రాస్థలాల్లో సత్రాలు చాలావరకు కులాల పేర్లతో వెలిశాయి. శ్రీశైలంలో బ్రాహ్మణుల కరివేన సత్రం మొదలు ఇతర కులాల సత్రాల దాకా ఆ వరస ఇప్పటికీ చూడవచ్చు. సొంత కులానికి సత్రం ఉన్నవాడికి రాత్రి గడిచింది. లేనివాడు ఏటి ఒడ్డునో, చెట్టుకిందో పడుకున్నాడు. ఇదీ బృందం పేరుతో చోటు కట్టుకోవడమే, ఇవాళ్టి బృందం బుకింగు కన్నా కరుకైనది. అయితే ఇక్కడ రెండు ఏర్పాట్లను విడదీసి చూడాలి. సత్రం తలుపు మనిషి పుట్టుకను అడిగింది. పంచాంగం ఎవరినీ ఏమీ అడగలేదు. ఫలానా రోజు జనం వస్తారు అని మాత్రం చెప్పింది, ఆ మాట గడపలోకి రానివ్వని వాడికీ అందింది. మొదటిదాన్ని వదులుకోవాలి. రెండోదాన్ని వదులుకోవడానికి కారణం కనబడదు.

ముందే తెలిసినంత మాత్రాన ఏం ఒరిగింది, తేదీ తెలిసిన మేళాల్లోనే గదా కలరా ప్రబలిందని ఇంకో ఆక్షేపణ. నిజమే, 1867 హరిద్వార్ కుంభమేళా తర్వాత రోగం యాత్రికుల వెంట ఊళ్ళకు పాకింది. కానీ దానికి మూలం కలుషితమైన నీరు. తేదీ తెలియడం ఆ నీటిని శుభ్రం చేయదు, శుభ్రం చేసేవాళ్ళకు గడువు మాత్రం ఇస్తుంది. గడువును వాడుకుంటే ఏం చేయవచ్చో 2020 తుంగభద్ర పుష్కరం చూపింది. నవంబరు 20 నుంచి డిసెంబరు 1 వరకు, కోవిడ్ భయం మధ్య, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుగా ఈ-టికెట్ తీసుకుని కేటాయించిన సమయానికి ఘాటుకు రావాలన్న పద్ధతి పెట్టింది. పన్నెండేళ్ళ కిందటే తెలిసిన తేదీ కాబట్టే గంటల వారీగా పంచడం కుదిరింది.

ఇక చివరి ఆక్షేపణ డబ్బు గురించి. బృందాలు సేవలకు, అన్నదానానికి ఇచ్చే విరాళాల మీదే విడి యాత్రికుడి ఉచిత భోజనం నడుస్తుంది, వాళ్ళను కట్టడి చేస్తే నష్టపోయేది అతనే అంటారు. నేను కట్టడి అడగడం లేదు. నౌక అయినా, యాత్రాస్థలం అయినా, హోటలు అయినా పెద్ద బృందానికి చోటిచ్చినప్పుడు ఆ తేదీలు, ఎన్ని గదులు, ఏ ఏ వేళలు వాళ్ళకు పోయాయో తక్కినవాళ్ళకు టికెట్ కొనకముందే కనిపించాలి. బృందం పేరు, మనుషుల వివరాలు చెప్పనక్కరలేదు. కొన్ని గదులు ఎప్పుడూ ముందు వచ్చిన విడి మనిషికే ఉంచాలి, పూర్వం పుట్టిలో అతనికి మూల దొరికినట్టు. ఈ సమాచారం ఇప్పటికే బుకింగు కంప్యూటర్లలో ఉంది, బయటపెట్టడమే మిగిలింది. అలా బయటపెడితే కొందరు ప్రయాణం మార్చుకుంటారు, ఆ రోజు కొన్ని టికెట్లు తగ్గుతాయి. ఆ నష్టం భరించాల్సింది గుంపుకు చోటు అమ్ముకున్నవాడు. ఇన్నాళ్ళూ దాన్ని చెప్పకుండా విడి యాత్రికుడి మీద వేస్తున్నారు.