కొడుకు ఇన్సూరెన్స్ డబ్బుతో కట్టిన మందిరం

ఈ వారం హాస్టల్లో వియత్నాం యుద్ధం గురించి చదువుతున్నా. పుస్తకం నిండా ప్రెసిడెంట్లు, ఒప్పందాలు, తేదీలే. నా మనసు మాత్రం ఒక అమ్మానాన్నల దగ్గర ఆగిపోయింది.

1968 మే 22న వియత్నాంలో డేవిడ్ వెస్ట్‌ఫాల్ అనే అమెరికా మెరైన్ లెఫ్టినెంట్ చనిపోయాడు. అదే రోజు ఆయనతో పాటు ఇంకో 15 మంది. తండ్రి పేరు విక్టర్, తల్లి జీన్. న్యూమెక్సికో రాష్ట్రంలో ఏంజెల్ ఫైర్ అనే కొండ ప్రాంతంలో వాళ్లకు భూమి ఉంది. కొడుకు పోయినందుకు ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది.

మన ఇళ్లలో అలాంటి డబ్బు వస్తే ఏం చేస్తాం? అప్పు తీరుస్తాం, చెల్లి పెళ్లి చేస్తాం. తప్పేం కాదు. వాళ్లేమో లోయ అంతా కనిపించే చోట ఒక ప్రార్థనా మందిరం మొదలుపెట్టారు. తెల్లటి గోడలు వంపు తిరిగి రెక్కలాగా పైకి లేస్తాయి. 1971 మే 22న, కొడుకు పోయిన తారీఖునే, దాన్ని ప్రారంభించారు. కొడుకు ఒక్కడి కోసమే కాదు, ఆ 16 మంది కోసం. పేరు కూడా శాంతి, సోదరభావం మీదే పెట్టుకున్నారు.

అప్పటికి యుద్ధం ఇంకా నడుస్తోంది. వాషింగ్టన్‌లో పేర్లు చెక్కిన నల్లరాతి గోడ 1982లో గానీ రాలేదు. మన ఊళ్లల్లో పోయినవాళ్లకు రాయి నిలబెడతాం కదా, దానికి ఎవరి పర్మిషన్ అడుగుతాం? వీళ్లూ అంతే.

(అవే కొండల్లో తావోస్ ప్యూబ్లో ఆదివాసులు తమ పవిత్రమైన బ్లూ లేక్ కోసం 64 ఏళ్లు కొట్లాడి 1970లో వెనక్కి తెచ్చుకున్నారు. దాని మీద ఇంకో పోస్టు రాస్తా.)

ఒకసారి రాత్రి ఎవరో వచ్చారట. తాళం చూసి, నాకు లోపలికి రావాల్సిన అవసరం ఉన్నప్పుడు తలుపు ఎందుకు మూశారని రాసిపెట్టి వెళ్లారట. ఆ తర్వాత విక్టర్ తాళం వేయలేదు. మా ఊరి అన్న ఒకాయన ఆర్మీలో ఉన్నాడు. ఫోన్ రాని రోజు వాళ్లమ్మ అన్నం ముట్టదు. ఇది చదువుతుంటే ఆమే గుర్తొచ్చింది.

ఆ యుద్ధం అన్యాయమైందనే నేను అనుకుంటా. వియత్నాం వైపు అంతకు ఎన్నో రెట్లు జనం పోయారు. 1994లో విక్టర్ ముసలితనంలో అక్కడికి వెళ్లాడు. ఏంజెల్ ఫైర్ మట్టి తీసుకెళ్లి కొడుకు పడిపోయిన చోట చల్లాడు. అక్కడి మట్టి తెచ్చి మందిరం దగ్గర కలిపాడు.