కల్లు రుచి చెట్టుది, నేలది



ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే ప్రాంతం వుంది. అక్కడ మెర్లో అనే నల్లద్రాక్షతో ఎర్రని సారాయం చేస్తారు. తమ తోటలో కాచిన పండునే తామే పిండి, పులియబెట్టి, తోట పేరుతో సీసాలకు యెత్తుతారు. ద్రాక్ష ఒకటే అయినా బంకనేలలో ఒక రుచి, గులకనేలలో మరొక రుచి. అందుకే కొనేవాడు ముందు తోట పేరు అడుగుతాడు.

ఇది వింటే మన జనగామ గీతకార్మికుడికి వింతేమీ తోచదు. మన వూళ్ళల్లోనూ కల్లు తాగేవాడు ముందు అడిగేది చెట్టు సంగతే గదా! ఈతకల్లు చలికాలంలో తియ్యగా, తేలికగా వుంటుంది. తాటికల్లు యెండలు ముదిరేకొద్దీ ఘాటెక్కుతుంది. ఈతచెట్టుకు మొవ్వుకింద గీత పెడతారు; ఒక యేడు ఒక పక్క, మరుయేడు యెదుటి పక్క. అందుకే ముసలి ఈతచెట్టు మొద్దు మెట్లుమెట్లుగా కనబడుతుంది. తాటికైతే గెలను కోసి లొట్టి కడతారు. కారేటప్పుడు అది నీరా, అంటే తియ్యని నీళ్ళు. కొద్ది గంటల్లోనే గాలిలోనూ లొట్టిలోనూ వుండే సూక్ష్మజీవులు చక్కెరను మత్తుగా మారుస్తాయి. ఇంకా వుంచితే పులిసి పులిసి పనికిరాకుండా పోతుంది. కనుక మంచి కల్లు దూరం పోలేదు, నిలవ వుండలేదు.

మహబూబాబాదు, భూపాలపల్లి అడవుల్లో సంగతి వేరు. అక్కడ వేసవి మొదట్లో తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు యేరి ఆరబెడతారు. అది నిలవ వుంటుంది. దానితో కాచేది ఇప్పసారా.

ఇక చరిత్ర చూడండి. జనగామ జిల్లా ఖిలాషాపురంలో కోట నేటికీ వుంది. అది సర్వాయి పాపన్న పేరుతో చెప్పుకొనే కోట. గౌడకులంలో పుట్టిన పాపన్న మొగలాయి అధికారాన్ని యెదిరించి, 1708లో ఓరుగల్లును దోచాడు. 1710లో పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. మోకు పట్టుకొనే కులంలోంచి కోట కట్టినవాడు వచ్చాడంటే, ఈ చెట్లమీద బతుకు ఆనాడే యెంత విస్తారమో ఆలోచించండి.

తరువాత నిజాం కాలంలో అబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారమైంది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం వచ్చాయి. చెట్టెక్కేవాడు ఒకడు, లాభం తీసేవాడు మరొకడు అయ్యారు. అందుకే తరువాతి రోజుల్లో గీసేవాడికే చెట్టు అనే పద్ధతి, గీతకార్మికుల సహకార సంఘాలు పుట్టాయి.

అయితే అసలు ప్రమాదం యెక్కడుందంటే, కల్లుకు చెట్టు పేరు పోయినచోట వుంది. పట్నానికి కావలసినంత కల్లు చెట్లు ఇవ్వలేవు. అప్పుడు నీళ్ళు, చక్కెర, ఆపైన నిద్రమందులు కలుస్తాయి. హైదరాబాదులో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్ళీ తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. ఈ తప్పు చెట్టుది కాదు, పేరులేని తొట్టిది.

కనుక రైతులారా, గట్టుమీది ఈతలను, తాళ్ళను తొందరపడి నరకకండి. తాటిచెట్టు గీతకు రావడానికి యేళ్ళూపూళ్ళూ పడుతుంది. నరకడానికి ఒక్క పూట చాలు. కొత్త మొక్కలు చెరువుకట్టల మీద, పోరంబోకుల్లో నాటించండి.

విస్తరణ కార్యకర్తలారా, లొట్టికి సున్నం పూసి నీరాను పులియకుండా పట్టే పద్ధతి నేర్పండి. 2024లో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షా కవచం, అంటే చెట్టుమీదినుంచి పడకుండా కాపాడే సాధనం, ప్రతి గీతకార్మికుడికీ అందేలా చూడండి. చెట్టు మీదినుంచి జారితే ఒక్క మనిషి కాదు, ఇల్లంతా కూలుతుంది.

కల్లయినా మత్తే, మితం తప్పితే కొంప గుల్ల. తాగేవారు మాత్రం ఒక్క మాట అడగడం మరవకండి: ఇది యే చెట్టుది?